మూడో అంతస్తుకు నీళ్లు పెట్టినామె

నీళ్లక్క పోయిందని నాకు రాయదుర్గం బస్టాండులో తెలిసింది. చెప్పినోడు మా పాత సైటులో మేస్త్రీ. ఆయప్ప కట్టిన గోడకు దారం పట్టి చూసినా వంక దొరికేది కాదు, అట్లాంటి చేయి. ఇప్పుడు జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డులో గుండీలు కొడతాండాడంట. ఉగ్గాని పొట్లం చేతిలో పట్టుకోని, "సార్, నీళ్లక్క పోయింది, తెలుసా? నెల దాటింది" అన్నాడు. జ్వరమంట, మూడు దినాలంట. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పేదానికి నేనేమన్నా చుట్టమా? ఆమెది గుమ్మఘట్ట తట్టు పల్లె, నాది గార్లదిన్నె దగ్గర. ఇద్దరి మధ్యా ఉండింది ఒక స్లాబు, అంతే. అయినా నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలీడం లేదు.

ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండ్య. నా చేత్తోనే రాసినా, ఈ పొద్దు ఎంత తలగోక్కున్నా గుర్తు రాలేదు. సైటులో అందరికీ నీళ్లక్కే. కాంక్రీటు పోసినాక దాన్ని ఆరనీకుండా రెండు వారాలు తడిపి పెట్టాల. క్యూరింగు అంటాం. ఆ పని ఆమెది. మా లోకంలో అది అన్నిటికన్నా చిన్న పని. ఇటుకలు మోయలేనోళ్లకు, వయసు మళ్లినోళ్లకు ఇస్తారు. ఆమె మాత్రం ఇంజనీరు తన కింద పనిచేస్తాండాడు అన్నట్టు తిరిగేది.

చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, నడుముకు తువ్వాల బిగించి, నెత్తిన గోనెసంచిని కొప్పెర మాదిరి మడిచి వేసుకోని వచ్చేది. చెప్పులు మెట్ల దగ్గరే ఇడిచేది. మిట్టమధ్యాన్నం, మా అనంతపురం ఎండలో, స్లాబు మీద వట్టి కాళ్లతో నడిచేది. యాడ కాలు చురుక్కుమంటే ఆడ ఆగి, "ఈడ దప్పిగొన్నాది" అనేది. బిందె వంచేది. "తాగు, తాగు. మా ఊరోళ్లకు లేని భాగ్యం నీది" అని గొణిగేది. ఎవరన్నా చెప్పులతో పైకొస్తే అంతే, వాని తాతల దాకా పోయి వచ్చేది.

స్లాబు మీద సిమెంటుతో బెత్తెడు ఎత్తు కట్టలు పోసి, మళ్లు మాదిరి గళ్లు చేసి, వాటిల్లో నీళ్లు నిలబెట్టాల. ఆ కట్టలు ఆమె పోసినంత సొగసుగా మేస్త్రీలు గూడా పోయలేరు. ఒకసారి నేను ఊరికే ఉండలేక, "అక్కా, మీకు వరి మడి ఉండ్యనా ఊర్లో?" అని అడిగినా.

"మడా? శనక్కాయ చేను సార్ మాది. వానొస్తే కాయ, రాకపోతే పశువుల మేతకు కట్టె, అది గూడా రాకపోతే బెంగుళూరు బస్సు. నాకు మడి కట్టేది నేర్పింది ఈ కాంక్రీటే" అనింది. అనేటప్పుడు నవ్వలేదు. నేను నవ్వబోయి ఆగిపోయినా.

ఇంకొకటి. తెలుగులోనే మాట్లాడేది గానీ, కాదనాల్సి వచ్చినప్పుడు మాత్రం కన్నడం వచ్చేది. "బ్యాడ" అనేది. తెలుగులో వద్దంటే బతిమాలేదానికి సందు ఉంటాదేమో గానీ, ఆమె బ్యాడ అనిందంటే అక్కడితో సరి. టీ ఎక్కువైతే బ్యాడ, సెలవు తీసుకోమంటే బ్యాడ. మా మేనేజరు ఆ మాట విన్నప్పుడల్లా కండ్లద్దాలు తీసి తుడుచుకునేవాడు.

కొత్తగా వచ్చిన కూలోళ్లందరికీ ఆమె ఒక కథ చెప్పేది. సొంత తప్పు కథ. సిగ్గుపడేది కాదు, దాచేది కాదు. నేను నాలుగైదు సార్లు విన్నా.

"కరువు సంవత్సరం బెంగుళూరు పోయినా. పైపు చేతికిచ్చి స్లాబుకు నీళ్లు పట్టమన్నారు. నాకు చేయి రాలేదప్పా. రెండు బిందెల కోసం మైలు దూరం నడిచిన దాన్ని, అంత నీళ్లు రాయి మీద పారిస్తే పాపమనిపించింది. తడి కనపడితే చాల్లే అని చిలకరించేది, పైపు మూసేసేది. నీళ్లు మిగిలిస్తాండానని లోపల సంబరం. నాలుగో దినం చూస్తే స్లాబంతా పగుళ్లు, ఎండిన కుంట అడుగు మాదిరి. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఇంజనీరు ఒక్క మాట అడిగినాడు, 'ఏమ్మా, ఆ నీళ్లు మీ ఇంటివా?' అని. ఆ సైటులోనే రెండేండ్లు ఉన్నా. ఆ స్లాబు కింద సంసారాలు చేరినాయి. వాళ్ల వాకిలి ముందర నడిచేటప్పుడు ఒక్కసారి గూడా తల పైకెత్తలేదు."

అని, వెంటనే, "చూసుకోండి మల్ల. మన తట్టోళ్లకు నీళ్లు పోసేదానికి చేయి రాదు. అలవాటు చేసుకోవాల" అనేది. మా సీమలో పుట్టినోళ్లు తప్ప ఇంకెవరూ ఆ తప్పు చేయరు. కోస్తా నుంచి వచ్చిన కూలోళ్లు ఈ కథ విని ఒకరి మొగాలు ఒకరు చూసుకునేవాళ్లు.

ఇంక మా సైటు సంగతి. అనంతపురం బయట, హైవే పక్కన, బ్లాకులు బ్లాకులుగా అపార్టుమెంట్లు. నేను సూపర్‌వైజరును. డిప్లొమా సర్టిఫికెట్టు, పాత బైకు, జేబులో రెండు పెన్నులు. కొనేవాళ్లు ఎక్కువ మంది మన జిల్లావాళ్లే, బెంగుళూర్లో కొలువులు చేసేవాళ్లు. శని ఆదివారాలు కార్లలో వచ్చి, ఇంకా గోడలే లేని చోట నిలబడి, "ఈడ పూజ గది" అని చేతులతో గీసి చూపించుకునేవాళ్లు.

మాంద్యం అనే మాట పేపర్లో ఉంటాది. సైటుకు అది ఆ పేరుతో రాదు. ముందు కార్లు తగ్గినాయి. బెంగుళూర్లో కొలువులు ఊడతాండాయంట అన్నారు. తర్వాత అమ్మకాల ఆఫీసులో అద్దాల పెట్టె మీద దుమ్ము తుడిచేవాళ్లు లేకపోయినారు. ఆ పెట్టెలో బొమ్మ అపార్టుమెంటు, బొమ్మ చెట్లు, బొమ్మ ఈతకొలను ఉండ్య. సిమెంటు లారీ డ్రైవరు ఫోన్లో ఓనరుతో మాట్లాడి గానీ సంచి దించడం లేదు. పెద్ద ఇంజనీరు ఊరికి పోయొస్తానని పోయినాడు, ఇంతవరకు రాలేదు. హైవే మీద మాకు అటొక కంపెనీ, ఇటొక కంపెనీ. రెండు సైటుల్లోనూ కమ్మీలు పైకి చాపుకోని పిల్లర్లు నిలబడిపోయినాయి. పక్క సైటు వాచ్‌మన్ పిల్లర్ల మధ్య మేకలు కట్టేసుకున్నాడు.

అట్లాంటప్పుడు మా కంపెనీ ఉన్నట్టుండి మూడో అంతస్తు స్లాబు పోసెయ్యమని తొందర పెట్టింది. చిన్న బ్లాకు, అంతస్తుకు రెండే ఇండ్లు. ఒక్కో స్లాబు పడినప్పుడు కొన్నవాళ్ల బ్యాంకు నుంచి ఒక కంతు కంపెనీకి వస్తాది. ఆ కంతు కోసం స్లాబు, ఆ స్లాబు పడినాక బంద్. నాకు తెలుసు. తెలిసే పోయించినా. ఆ మాట ఇప్పుడు రాసేదానికి గూడా చేయి బరువుగానే ఉండాది.

ఆదివారం స్లాబు పడింది. సోమవారం పదింటికి మేనేజరు వచ్చినాడు. పని ఆగిపోయింది, అందరూ ఊర్లకు పోండి, బస్సు చార్జీలు ఇస్తాం, మల్ల ఫోన్ చేసి పిలుస్తాం అన్నాడు. ఆయప్పను గూడా ఏమనేది? ఆయప్పకే మూడు నెలలుగా జీతం లేదు. నన్ను పక్కకు పిలిచి, "క్యూరింగ్ రిజిస్టరు పద్నాలుగు దినాలకూ రాసి ఫైల్లో పెట్టు. బ్యాంకోళ్లు చూస్తారు" అన్నాడు.

నేను సిమెంటు సంచుల మీద కూర్చోని రాయడం మొదలుపెట్టినా. పొద్దున, మధ్యాన్నం, సాయంత్రం. ఒకే పూట రాసినట్టు కనపడకుండా రెండు పెన్నులు మార్చి మార్చి రాసినా. అంత తెలివి ఉండ్య నాకు. తల ఎత్తితే నీళ్లక్క.

"ఏం రాస్తాండావు సార్?"

"స్లాబుకు నీళ్లు పెట్టినట్టు."

"ఎవరు పెట్టినట్టు?"

నేను పెన్నుకు మూత పెట్టినా.

"నా పేరు రాసినావా?"

"రాసినా అక్కా."

ఆమె సంచి మీద, నా పక్కనే కూర్చునింది. చదువు రాదు. అయినా ఆ కాగితం మీద వేలు పెట్టి, ఒక్కొక్క వరసా కిందికి పోనిచ్చింది. "ఇన్ని దినాలు నేను పెట్టినానా? నిన్న సాయంత్రం పోసిన స్లాబుకు, వచ్చే వారం దాకా పెట్టేసినానా? ఒక స్లాబు నా చేత్తో చెడింది, అది నాకు తెలుసు. రెండోది నా పేరుతో నువ్వు చెడగొడతాండావు. నా పేరన్నా కొట్టెయ్యి, నీళ్లన్నా తెప్పియ్యి."

నా చేతిలో రెండూ లేవు. పేరు కొట్టేస్తే నా జీతం బాకీ పోతాది, నీళ్లకు ట్యాంకరు లేదు. ఆమె లేచి మేనేజరు దగ్గరికి పోయింది.

"ట్యాంకరు తోలియ్యప్పా."

"ట్యాంకరు ఆపేసినామమ్మా. ఇంక రాదు."

"ఈ పొద్దు ఆపేస్తామని నిన్న పోసేటప్పుడు తెలుసు గదా?"

మేనేజరు ఫోన్ చూసుకున్నాడు.

"బాలింతను పురిటి గదిలో ఇడిచిపెట్టి తలుపేసుకోని పోతారా ఎవరన్నా? ఆడదానికి పదకొండు దినాలు చూస్తాం. దీనికి పద్నాలుగు. అంతే గదా తేడా?"

"అమ్మా, చార్జీ తీసుకోని ఊరికి పో."

"బ్యాడ. ఆ దుడ్లు నీ దగ్గరే పెట్టుకోని ఒక ట్యాంకరు తోలియ్యి."

"ఈడే ఉంటే పోలీసులకు చెప్పాల్సి వస్తాది, చూసుకో."

"చెప్పు. కూలోళ్లు నీళ్లు పోసినారని కేసు రాయమను. అట్లాంటి కేసు యానాడన్నా రాసినారేమో నేను గూడా చూస్తా."

మేనేజరు అద్దాలు తుడుచుకోని కారెక్కినాడు. నేను బైకెక్కినా. దాపరికం ఏముంది, నేను గూడా పోయినా. గార్లదిన్నె చేరే దాకా ఎవరో వెనక కూర్చోని తిడతాన్నట్టే ఉండ్య.

నాలుగో దినం మల్ల పోయినా. ధైర్యమొచ్చి పోలేదు, నా సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉండిపోయినాయని పోయినా. హైవే మీద నుంచే కనపడింది. మూడో అంతస్తు అంచు నుంచి గోడ పొడుగునా తడి. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి, "నేనేం చేయాల సార్, తాళం వెయ్యబోతే నన్నే బిందె పట్టమంటాంది" అన్నాడు.

పైకి పోతే నీళ్లక్క, ఆమెతో పాటు ఊరికి పోకుండా నిలబడిన ఇద్దరు కూలి ఆడోళ్లు. స్లాబంతా నల్లగా మెత్తగా ఏదో పరిచి ఉండ్య. శనక్కాయ కట్టె, వానకు తడిసి బూజు పట్టి ఎద్దులు గూడా ముట్టనిది. దాని మీద గోతాలు. అన్నీ తడి.

రోడ్డుకు ఆ పక్క ఒక చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉండాది. ఆ రైతుకు బోరుంది, కరెంటు పొద్దున కొన్ని గంటలే. ఈ ముగ్గురూ తెల్లారేసరికి పోయి చీనీ చెట్లకు పాదులు తవ్వుతారు. దానికి బదులు ఆయప్ప పైపు లాగి సైటు డ్రమ్ముల్లోకి నీళ్లు ఇడుస్తాడు. పాడైన కట్టె గూడా ఆయప్పదే. మొదట ఆయప్ప నవ్వినాడంట. "నా చెట్లకే నీళ్లు చాలక నేను ఏడుస్తాంటే, నువ్వు రాళ్లకు పోస్తానంటావేమ్మా?" అన్నాడంట.

"నీ చెట్టు ఎండిపోతే ఇంకోటి నాటుకుంటావన్నా. దీని కింద మనుషులు పండుకుంటారు" అనిందంట ఈమె.

నీళ్లక్క నన్ను చూసి ఆశ్చర్యపడలేదు. "వచ్చినావా? బిందె తీసుకో" అనింది.

తీసుకున్నా. మూడు అంతస్తులు, రెయిలింగు లేని మెట్లు. రెండో బిందెకే నా మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. "డిప్లొమాలో బిందె మోసేది చెప్పలేదా సార్?" అని తక్కిన ఇద్దరూ నవ్వినారు. నీళ్లక్క గోతం కింద చేయి పెట్టి తడి చూసి, నా వైపు తిరిగి, "బెంగుళూర్లో నీళ్లు తక్కువ పోసి చెడగొట్టినా. ఈడ ఆ తక్కువ నీళ్లతోనే నిలబెడతాండా. నీళ్లు పోసేదొకటే పని అనుకున్నా ఇన్నేండ్లు. పోనీకుండా పట్టుకునేది గూడా పనే. అది మనకు ఒకరు చెప్పాల్నా?" అనింది. ఆ మాట అనేటప్పుడు ఆమె మొగంలో ఉండిన గర్వం నేను ఏ ఇంజనీరు మొగంలోనూ చూడలేదు.

ఆ తర్వాత ప్రతి దినమూ పోయినా. ఎవరు జీతమిస్తారని మా నాయన అడిగినాడు. నేను బైకు తీసినా.

ఏడో దినం సెంట్రింగు ఆయప్ప లారీతో వచ్చినాడు. స్లాబు కింద నిలబెట్టిన రేకులు, గుంజలు ఆయప్పవి, బాడుగవి. కంపెనీ మునిగిపోతాండాదని విని తన సామాన్లు తాను పీక్కుపోయేదానికి వచ్చినాడు. ఆయప్పది తప్పనలేం. నీళ్లక్క మెట్ల మీద అడ్డంగా కూర్చునింది. కాళ్లు చాపుకోని, తువ్వాలతో విసురుకుంటా.

"లేమ్మా, నా సామాను నేను తీసుకోకూడదా?"

"తీసుకో. పద్నాలుగో దినం రా. నేనే ఎత్తిస్తా లారీకి."

"అంతవరకు బాడుగ ఎవరిస్తారు?"

"నన్నడుగుతావేమప్పా? స్లాబు పోయించినోళ్లను అడుగు. నన్ను దాటుకోని పోవాలంటే పో."

ఆడమనిషిని దాటుకోని ఎవరు పోతారు? గంట సేపు నిలబడి, నా దగ్గర బీడీ అడిగి కాల్చి, ఖాళీ లారీతో వెనక్కి పోయినాడు. పద్నాలుగో దినం సాయంత్రం వచ్చినాడు. చెప్పినట్టే ఆమె ఎత్తించింది. గుంజలు తీసినాక కింద నిలబడి తల పైకెత్తి, స్లాబు అడుగంతా ఒక మూల నుంచి ఇంకో మూల దాకా చూసింది. ఒక్క పగులు లేదు. "ఇప్పుడు నీ పుస్తకం తెచ్చి సదువు" అనింది నన్ను.

చదివినా. మొదటి దినం పొద్దున, మధ్యాన్నం, సాయంత్రం అనగానే చేయెత్తి ఆపింది. "మొదటి దినం మధ్యాన్నం కొట్టెయ్యి. ఆ పూట నీళ్లు దొరకలేదు." కొట్టేసినా. తక్కినవన్నీ తలూపుతా వినింది. విని, గోతాలు దులిపి, ఆ ఇద్దరు ఆడోళ్లతో రాయదుర్గం బస్సెక్కింది.

రెండు ఎండాకాలాలు ఆ మొండి బ్లాకులు అట్లే నిలబడినాయి. తర్వాత ఇంకో కంపెనీ కొనింది. వాళ్ల ఇంజనీరు బట్టతలాయన, ఎవరినీ నమ్మే రకం కాదు. ఉన్న స్లాబులు ఉంచాల్నా కొట్టేయాల్నా తేల్చేదానికి ఒక్కోదాంట్లో మిషనుతో గిన్నెంత గుండ్రటి ముక్క కోసి పరీక్షకు పంపినాడు. మా మూడో అంతస్తే ఆఖరున, బంద్ చేసే ముందర పోసింది కాబట్టి, అది పోయిందనే అందరూ అనుకున్నారు. రిపోర్టులో అదే అన్నిటికన్నా గట్టిదని వచ్చింది. ఆయన నన్ను పిలిపించి, రిజిస్టరు ముందర పెట్టి, "కొట్టేసిన ఈ ఒక్క గీత చూసే తక్కిన పుస్తకం నమ్మినాను. మంచి సూపర్‌వైజర్‌వి, మా దగ్గర చేరు" అన్నాడు.

నాకు అప్పటికి కొలువు లేదు. మూసుకోని కూర్చోవచ్చు. కూర్చోలేకపోయినా. "సార్, ఈ పద్నాలుగు దినాలూ నేను ఒకే పూట కూర్చోని రాసిన అబద్ధం. తర్వాత ఒకామె వచ్చి దాన్ని నిజం చేసింది" అని మొత్తం చెప్పేసినా. ఆయన కొట్టేసిన పూట మీద మల్ల వేలు పెట్టి చూసినాడు. మా ఓనరుతో మాట్లాడతా, ఆమెను పిలిపియ్యి అన్నాడు.

వచ్చింది. ఓనరు మర్యాదగల మనిషే, కుర్చీ వేయించినాడు. తక్కిన అంతస్తులన్నిటికీ నీళ్ల పని ఆమెకే, చేతి కింద మనుషుల్ని ఆమే పెట్టుకోవచ్చు అన్నాడు. ఆమె కుర్చీలో కూర్చోకుండానే వినింది.

"ఒక మాట ఇస్తావాప్పా? ఆపాల్సి వస్తే స్లాబు పోసే ముందర ఆపాల. పోసినాక ఆపకూడదు."

ఓనరు నవ్వినాడు. "అదెట్ల మాటిచ్చేదమ్మా? మార్కెట్టు మన చేతిలో ఉంటాదా?"

"మార్కెట్టు నీ చేతిలో లేదు, సరే. స్లాబు పోసేది నీ చేతిలోనే ఉండాది గదా?"

ఆయన ఇంజనీరు వైపు చూసినాడు. ఇంజనీరు రిజిస్టరు వైపు చూసినాడు. మాట మాత్రం ఎవరూ ఇయ్యలేదు.

"అయితే బ్యాడ" అని ఆమె బయటికి నడిచింది. నేను వెంట పోయినా. బతిమాలినా గూడా, ఊర్లో ఏముందక్కా, ఉపాధి పని తప్ప అని. వినలేదు. నేరుగా మూడో అంతస్తుకు ఎక్కింది. స్లాబు మధ్యలో ముక్క కోసిన చోట పొద్దున్నే కొత్త సిమెంటుతో పూడ్చి పోయినారు. ఆమె ఆ పూడిక పక్కన గొంతుక్కూర్చునింది.

"దీనికి నీళ్లెవరు పెడతారు?"

అంత చిన్నదానికి నీళ్లేంది అని నోటి దాకా వచ్చింది. మింగేసినా. "నేను పెడతాలే అక్కా."

"ఏడు దినాలు. దినానికి మూడుసార్లు" అని లేచి, మెట్లు దిగి, రోడ్డు మీదికి పోయింది. ఆమెను చూసింది అదే ఆఖరు.

నేను ఆ కంపెనీలోనే చేరినా. చేరకుండా ఎట్ల? ఇంట్లో నలుగురు తినేవాళ్లు. కానీ ఏడు దినాలూ చెంబు పట్టుకోని మూడో అంతస్తుకు ఎక్కి, ఆ గిన్నెంత చోటుకు నీళ్లు పోసినా. కొత్త మేస్త్రీలు చూసి, సారు తులసికోటకు పూజ చేస్తాండాడని నవ్వినారు. నవ్వనీ. ఏడో దినం సాయంత్రం ఆమెకు ఫోన్ చేసినా. వెనక మేకల గంటలు వినిపిస్తాండ్య.

"అయిపోయిందక్కా. ఏడు దినాలు."

"ఏడేనా?"

"ఏడే."

"నీ లెక్క నేను నమ్మనప్పా. ఇంకో దినం పొయ్యి" అని ఫోన్ పెట్టేసింది.

ఎనిమిదో దినం గూడా పోసినా.